ఎండకాలపు పేల్ ఏల్: మచ్చు చూసే తీరు, నిలవ వుంచే తీరు

ఎండలు ముదిరినకొద్దీ బీరుకు గిరాకీ తేజీగా వుండడం వర్తకులకు కొత్త సంగతి కాదు. అయితే ఈ గిరాకీలో మామూలు లాగర్ బీరుతో పాటు పేల్ ఏల్ అనే రకం కూడా ఇటీవలి సంవత్సరాలలో చోటు చేసుకున్నది. హైదరాబాదు, బెంగుళూరు, పూనా వంటి నగరాలలో అక్కడికక్కడే కాచి అమ్మే చిన్న బ్రూవరీలు దీనిని తయారు చేస్తున్నవి. సీసాలలోను, డబ్బాలలోను కూడా ఈ సరుకు దొరుకుతున్నది.

ఈ సరుకును గురించి బజారులో ఒక మాట తరచు వినిపిస్తుంది. ఇది వేడి దేశాల కోసమే పుట్టిన సరుకనీ, ఆరు నెలలు ఓడలో ప్రయాణం చేసి కూడా చెడకుండా కలకత్తా చేరేదనీ, కాబట్టి ఎండకు భయపడనక్కర లేదనీ ఆ మాట సారాంశం. ఇందులో సగం నిజం వున్నది. తక్కిన సగాన్ని నమ్మి వేసవిలో సరుకు నిలవ వేసినవారు నష్టపోతారు. ఆనాటి పేల్ ఏల్‌కూ నేటి పేల్ ఏల్‌కూ పేరు ఒకటే గాని, గుణం వేరు. ఆ తేడా ఏమిటో, దానిని నాలుకతో ఎలా పసిగట్టాలో తెలుసుకోవడం లాభదాయకం.

సరుకు స్వరూపం

పేల్ అంటే లేతరంగు. ఏల్ అనేది బీరులో ఒక తెగ. లాగర్‌ను చల్లని చోట, సుమారు 7 నుంచి 13 డిగ్రీల వద్ద పులియబెడతారు. ఏల్‌ను 15 నుంచి 24 డిగ్రీల వద్ద పులియబెడతారు. వెచ్చదనం ఎక్కువ కావడం వల్ల ఏల్‌లో పండ్ల వాసన కొంత పుడుతుంది. ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెంటిగ్రేడు లెక్కన చెప్పినవే.

ముడిసరుకులు నాలుగు: బార్లీ, హాప్స్, ఈస్టు, నీరు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలిలో ఆరబెడితే మాల్ట్ అవుతుంది. పూర్వం ఇంగ్లండులో కట్టెల పొగ మీద ఆరబెట్టడంతో మాల్ట్ గోధుమరంగుకు తిరిగి, పొగవాసన పట్టేది. 17వ శతాబ్దంలో కోకు బొగ్గు వాడకం మొదలైన తర్వాతనే లేతరంగు మాల్ట్ నిలకడగా తయారయినది. పేల్ ఏల్‌కు మూలం అదే.

మన దేశంలో బార్లీ పంటకు రాజస్థాన్ ప్రధానమైన రాష్ట్రం. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, హర్యానాలలో కూడా పండుతున్నది. 2025-26 రబీ మార్కెటింగు సీజనుకు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు రూ. 1,980. మాల్ట్‌కు పనికివచ్చే బార్లీ వేరు తరం. గింజ బొద్దుగా వుండి, మొలకశక్తి కలిగి, మాంసకృత్తులు మితంగా వుండాలి. మాంసకృత్తులు హెచ్చితే మాల్ట్ రాబడి తగ్గుతుంది, బీరు మబ్బుగా వస్తుంది.

హాప్స్ ఒక తీగకు కాసే పూలగుత్తులు. చేదూ, సువాసనా రెండూ దీని నుంచే వస్తాయి. జర్మనీలోని హలర్‌టావు, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయ దీనికి పేరుమోసిన కేంద్రాలు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో కొద్దిగా పండుతున్నది. హాప్స్‌లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం శాతాన్ని బట్టి, సువాసన తరాన్ని బట్టి ధర పలుకుతుంది. పేల్ ఏల్ ఖర్చులో లాగర్ కంటే హాప్స్ వాటా ఎక్కువ. ఎండకు ముందుగా దెబ్బతినేది కూడా ఈ హాప్స్ సువాసనే.

కలకత్తా బజారులో

పేల్ ఏల్‌కు మన దేశంతో గల సంబంధం వట్టి కథ కాదు. 18వ శతాబ్దం చివరి నాటికే లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడలలో ఈ సరుకు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు దిగుతున్నది. లండన్ తూర్పున బో వంతెన వద్ద హాడ్జ్‌సన్ కుటుంబానికి ఒక బ్రూవరీ వుండేది. కంపెనీ ఓడలు ఆగే రేవు దానికి దగ్గర. ఓడ కెప్టెన్లకు సొంత వ్యాపారం చేసుకునే హక్కు వుండేది. ఇండియాకు వచ్చేటప్పుడు ఓడలలో చోటు మిగిలి వుండేది కాబట్టి రవాణా కూలి చవక. పైగా హాడ్జ్‌సన్ ఏడాది, ఏడాదిన్నర అరువుకు సరుకు ఇచ్చేవాడు. అతని సరుకే అందరికంటే మేలైనదని రుజువు లేదు. దగ్గరగా దొరకడం, అరువు దొరకడం - ఈ రెండూ అతనికి బజారును కట్టబెట్టినవి.

1820 దరిదాపుల్లో హాడ్జ్‌సన్‌లు తమ పట్టును అతిగా వాడుకొన్నారు. అరువు తగ్గించి రొక్కం అడిగారు. ధర పెంచారు. కెప్టెన్లను పక్కకు నెట్టి తామే ఓడలకెక్కించి అమ్మబూనారు. పోటీదారు సరుకు పంపుతున్నాడని తెలిస్తే తమ సరుకు దండిగా దింపి ధర పడగొట్టేవారు. పోటీదారు చేతులెత్తేసిన తర్వాత మరుసటి యేడు ధర ఎత్తి నష్టం పూడ్చుకునేవారు. ఈ ఎత్తుపల్లాలకు కలకత్తా వర్తకులు విసిగిపోయారు.

1822 ప్రాంతంలో కంపెనీ డైరెక్టరు మార్జోరీబాంక్స్ అనే ఆయన బర్టన్-ఆన్-ట్రెంట్ పట్టణపు బ్రూవరీదారు శామ్యూల్ ఆల్సప్‌ను కదిలించాడు. బర్టన్ వర్తకులు అంతకు ముందు రష్యాకు ముదురురంగు తీపి ఏల్ పంపేవారు. రష్యా సుంకాలు పెంచడంతో ఆ బజారు మూతపడి, వారు కొత్త బజారు కోసం చూస్తున్నారు. హాడ్జ్‌సన్ సరుకు మచ్చు ఒకటి ఆల్సప్ చేతికి వచ్చినది. ఆయన మాల్ట్ పనివాడు జాబ్ గుడ్‌హెడ్ అలాంటి సరుకును ముందుగా ఒక తేనీటి కూజాలో కాచి చూశాడని బర్టన్‌లో చెప్పుకుంటారు. 1823 నాటికి బర్టన్ పేల్ ఏల్ ఇండియాకు బయలుదేరినది. బాస్ కంపెనీ కూడా వెనువెంట దిగినది.

బర్టన్‌కు నీరు కలిసివచ్చినది. అక్కడి బావి నీటిలో జిప్సం హెచ్చుగా వున్నది. ఆ నీటితో కాచిన ఏల్‌లో హాప్స్ చేదు మొరటుగా కాక శుభ్రంగా, పొడిగా నాలుకపై తేలుతుంది. కొన్ని సంవత్సరాలలోనే హాడ్జ్‌సన్ మొదటి స్థానం పోగొట్టుకున్నాడు. కొనేవారు మచ్చును రుచి చూసి ఎంచుకునే అవకాశం వచ్చిన తర్వాత వట్టి పేరు నిలవలేదు. తర్వాతి కాలంలో బాస్ వారి ఎర్ర త్రికోణం గుర్తు 1876 జనవరి 1న బ్రిటనులో మొట్టమొదటి ట్రేడ్‌మార్కుగా రిజిస్టరయినది.

ఇండియా పేల్ ఏల్ అనే పేరు కూడా వ్యాపారం సాగిన ఎన్నో యేళ్లకు పుట్టినదే. 1829-1835 మధ్య పత్రికా ప్రకటనలలో ఈస్టిండియా పేల్ ఏల్ అనే మాట కనబడుతున్నది. ఎవరో ఒకరు ప్రత్యేకంగా ఇండియా కోసం దీనిని కనిపెట్టారన్నది నిజం కాదు. నల్లని పోర్టరు బీరు కూడా అదే ఓడలలో వచ్చి, సిపాయి బారకాసులలో బాగానే అమ్ముడుపోయినది.

ఆనాటి పీపా ఎందుకు చెడలేదు

ఆశానంతరీపం చుట్టి వచ్చే ఓడ నాలుగు నుంచి ఆరు నెలలు తీసుకునేది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటేది. అయినా సరుకు నిలిచినదంటే కారణాలు వున్నవి. ఒకటి, హాప్స్‌ను మామూలు కంటే దండిగా వేసేవారు. పీపాలో కూడా కొంత పోసేవారు. హాప్స్ చేదు, పులుపు పుట్టించే సూక్ష్మజీవులను అణచివేస్తుంది. రెండు, చక్కెర దాదాపు మిగలకుండా పులియబెట్టేవారు. మిగిలిన చక్కెర లేకపోతే చెడిపోవడానికి మేత లేదు. మూడు, పీపాలో బతికివున్న ఈస్టు లోపలి ప్రాణవాయువును తినివేసేది.

నాలుగవది అన్నింటికంటే ముఖ్యం. ఆ ఏల్ తాజాగా తాగే సరుకు కాదు, మాగబెట్టే సరుకు. శీతాకాలంలో కాచి, నెలల తరబడి పీపాలలో వుంచి, ఆ తర్వాత ఓడకెక్కించేవారు. ఓడ కదలిక, వేడి దానిని మరింత మాగించేవి. 1904లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన క్లాసెన్ ఇంగ్లీషు నిలవ ఏల్‌లకు ప్రత్యేకమైన రుచినిచ్చే ఒక ఈస్టు తెగను గుర్తించి బ్రెటనోమైసెస్ అని పేరు పెట్టాడు. ఆనాటి కొనుగోలుదారు కోరినది ఆ మాగిన రుచినే. అంటే కాలమూ, వేడీ ఒక మేరకు వర్తకుని పక్షాన పనిచేసినవి.

చల్లార్చడం కూడా ఒక సమస్యగానే వుండేది. మంచు రాకముందు దొరల ఇళ్లలో ఆబ్దార్లు సురేకారం కలిపిన నీటిలో సీసాలు తిప్పి చల్లబరిచేవారు. 1833లో బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన గడ్డకట్టిన మంచు కలకత్తాకు దిగినది. మద్రాసు సముద్రపుటొడ్డున 1842లో కట్టిన మంచు గిడ్డంగి నేటికీ ఐస్ హౌస్‌గా పేరు మోసి, వివేకానందర్ ఇల్లంగా నిలిచి వున్నది.

నేటి సరుకు వేరు

నేటి పేల్ ఏల్ గుణం మరొకటి. 1972లో అమెరికాలో కాస్కేడ్ అనే హాప్స్ రకం విడుదలయినది. దానికి మన పంపరపనస తొక్కను పోలిన సువాసన వున్నది. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెర్రా నెవాడా బ్రూవరీ 1980లో ఆ హాప్స్‌తో పేల్ ఏల్ కాచినది. అప్పటి నుంచి పేల్ ఏల్ అంటే పండ్ల తొక్క, పూలు, పచ్చగడ్డి వంటి తాజా వాసన అన్న అర్థం స్థిరపడినది. ఇంగ్లండులో 1980ల చివర సాలిస్‌బరీకి చెందిన హాప్‌బ్యాక్ బ్రూవరీ, సమ్మర్ లైట్నింగ్ పేరుతో గడ్డిరంగు ఏల్‌ను దింపినది. వేసవిలో లాగర్‌వైపు వెళ్లిపోతున్న గిరాకీని మళ్లించుకొనే ఏల్‌లలో అది ముందు వరుసలో నిలిచినది.

ఈ కొత్త సరుకులో ఖరీదంతా ఆ తాజా సువాసనలోనే వున్నది. అది తేలికగా ఎగిరిపోయే నూనెల వల్ల వస్తుంది. మాగినకొద్దీ ధర పెరిగే పాత బియ్యం వంటిది కాదు ఇది. కోసిన మల్లెపూల వంటిది. ఆనాడు మచ్చు చూసేవాడు సరుకు మాగినదా అని చూసేవాడు. నేడు తాజాగా వున్నదా అని చూడాలి.

వేడి లెక్క

బ్రూవరీ పరిశ్రమలో ఒక బండగుర్తు వాడుకలో వున్నది. సరుకు 32 డిగ్రీల వద్ద 3 రోజులు, 22 డిగ్రీల వద్ద 30 రోజులు, 3 డిగ్రీల వద్ద 300 రోజులు వుంటే రుచికి కలిగే నష్టం ఇంచుమించు ఒకటే. ఈ లెక్కన వేడి గిడ్డంగిలో గడిచిన ఒక రోజు, చల్లని గదిలో గడిచిన 100 రోజులతో సమానం. ఇది ఖచ్చితమైన సూత్రం కాదు. సరుకును బట్టి మారుతుంది. అయినా దారి చూపుతుంది.

మన ప్రాంతంలో మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజులు తరచు వుంటాయి. రేకుల కప్పు కింద, టార్పాలిన్ కప్పిన లారీలో వేడి ఇంకా ఎక్కువ. కాబట్టి సీసా పైన ఆరు నెలల గడువు వున్నంత మాత్రాన లోపలి సువాసనకు ఆరు నెలల ఆయుష్షు వున్నట్టు కాదు. గడువు లోపల తాగితే ఆరోగ్యానికి హాని లేకపోవచ్చు. కాని కొనేవాడు హెచ్చు ధర ఇచ్చినది దేనికో అది లోపల వుండదు. అతడు ఫిర్యాదు చేయడు, రెండవసారి కొనడు, అంతే.

వెలుతురు కూడా శత్రువే. ఎండ తగిలితే హాప్స్ చేదు పదార్థం విరిగి, గంధకపు దుర్వాసన పుడుతుంది. ఇది నిమిషాల మీద జరగవచ్చు. గోధుమరంగు సీసా చాలావరకు అడ్డుకుంటుంది. ఆకుపచ్చ, తెల్ల సీసాలు అంతగా అడ్డుకోలేవు. డబ్బాలో, పీపాలో ఈ బాధ లేదు. దుకాణం ముందు అలంకారానికి ఎండలో పేర్చిన సీసాలను తిరిగి అమ్మకానికి పెట్టడం తగదు.

మచ్చు చూసే పద్ధతి

ఉదయం పది, పదకొండు గంటల వేళ మచ్చు చూడడం మంచిది. అంతకు ముందు పొగాకు, తాంబూలం, పచ్చడి, కాఫీ తగలరాదు. గదిలో అగరువత్తి, అత్తరు వాసన వుండరాదు. గ్లాసు సబ్బు వాసన లేకుండా కడిగి వుండాలి. నాలుక శుభ్రం చేసుకోవడానికి మామూలు నీరు, వుప్పులేని మరమరాలు చాలు.

మంచులో ముంచి తీసిన సీసాతో తూకం తెలియదు. చలి నాలుకను మొద్దుబారుస్తుంది, దోషాలు దాక్కుంటాయి. ఎండన పడి వచ్చిన వాడికి మంచులాంటి బీరు ఏదైనా బాగానే వుంటుంది. వర్తకుడు చూసేటప్పుడు సరుకు 8 నుంచి 10 డిగ్రీల మధ్య వుండాలి. వేసవిలో గ్లాసు త్వరగా వేడెక్కుతుంది కనుక ఒక్కొక్కసారి నాలుగైదు గుక్కలకు మించి పోయవద్దు.

మొదట కన్ను: రంగు గడ్డిరంగు నుంచి లేత రాగిరంగు వరకు వుండవచ్చు. నురుగు తెల్లగా లేచి, కొంతసేపు నిలిచి, గ్లాసు అంచున జాడ వదలాలి. రెండవది ముక్కు: పోసిన వెంటనే రెండు మూడు చిన్న పీల్పులు. సువాసన ముందుగా ఎగిరిపోతుంది కనుక ఆలస్యం పనికిరాదు. మూడవది నాలుక: మొదట మాల్ట్ తీపి కొద్దిగా, తర్వాత చేదు, చివర పొడి. ద్రాక్షసారా పరీక్షలో వుమ్మివేసే అలవాటు వున్నది. బీరులో కొద్దిగా మింగితేనే చేదు పూర్తిగా తెలుస్తుంది. అందుకే ఒక పూటకు ఐదారు మచ్చులకు మించి చూడరాదు. తేలికవాటి నుంచి చేదు హెచ్చువాటికి వరుసగా పోవాలి.

అనుమానం వున్నప్పుడు మూడు గ్లాసుల పరీక్ష ఉపయోగం. ఒకే తేదీ సరుకులో ఒకటి చల్లని గదిలో, మరొకటి గిడ్డంగిలో వుంచాలి. రెండు గ్లాసులలో ఒకటి, మూడవ గ్లాసులో రెండవది పోసి, ఏది ఎక్కడిదో చెప్పకుండా నలుగురైదుగురి చేత వేరైనదానిని గుర్తింపజేయాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక ఒక్కరి మాట చాలదు. పలుమార్లు చూసినా ఎక్కువమంది సరిగా గుర్తుపట్టితే మీ గిడ్డంగి సరుకును తినివేస్తున్నదని లెక్క.

దోషాల గుర్తులు

తడిసిన అట్టపెట్టె, పాత కాగితం వాసన వస్తే గాలి తగిలి, వేడికి పాతబడిన సరుకు. ఎండకాలంలో ఎక్కువగా కనబడేది ఇదే. పండ్ల వాసన పోయి, చేదు మాత్రం మొరటుగా మిగలడం దాని ముందు దశ. ఇటువంటి సరుకు అమ్మేవాని వద్ద గాని, రవాణాలో గాని చెడినది.

వెన్నలో వేయించిన మిఠాయి వాసన, నాలుకపై జిడ్డు వుంటే ఈస్టు పని పూర్తికాకుండా దించినది కావచ్చు. వుడికిన మొక్కజొన్న వాసన కాచడంలో లోపాన్ని తెలుపుతుంది. ఈ రెండూ సాధారణంగా బ్రూవరీ బాధ్యత. పుల్లగా వుంటే సూక్ష్మజీవులు చేరినవి. పీపా నుంచి పోసే గొట్టాలు శుభ్రం చేయని చోట్ల కూడా ఈ దోషం వస్తుంది. ఏ దోషం ఎవరి ఇంట పుట్టినదో తెలిస్తే వాపసు బేరం సులభమవుతుంది. తెలియకపోతే నష్టం చివరి చేతిదే.

ఎండకు తగిన రకం

వేసవి గిరాకీకి 4 నుంచి 5 శాతం మద్యసారం గల తేలిక రకాలు అనువైనవి. చివర పొడిగా వుండాలి. తీపి మిగిలితే రెండవ గ్లాసు ఎవరూ అడగరు. చేదు నోటిని శుభ్రపరచాలి గాని పట్టుకుని వుండరాదు. ఆస్ట్రేలియాలో వేసవి మండిపోయే అడిలైడ్ నగరపు కూపర్స్ పేల్ ఏల్ ఇందుకు మంచి వుదాహరణ. అది 4.5 శాతం రకం. ఈస్టు సీసాలోనే వుంటుంది; తెరిచేముందు సీసాను నెమ్మదిగా దొర్లించి కలపడం అక్కడి ఆనవాయితీ. అడుగున మడ్డి వున్నదని అటువంటి సరుకును తిప్పి పంపడం పొరపాటు. ఇండియా పేల్ ఏల్ పేరిట వచ్చే 6, 7 శాతం రకాలు సాయంకాలం నెమ్మదిగా తాగేవి. ఎండలో దాహానికి పనికిరావు.

కొనేవారికి

ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్ల చేతిలో వున్నందున ధర విషయంలో చిల్లర వర్తకునికి వెసులుబాటు తక్కువ. ఎంత తెప్పించాలి, ఎక్కడ వుంచాలి అనేవి మాత్రం అతని చేతిలోనివే. లాభం కూడా అక్కడే వున్నది.

పేల్ ఏల్‌ను ఏప్రిల్‌లోనే వేసవి అంతటికీ పోగు వేసుకోవద్దు. చల్లని గదిలో ఎన్ని పెట్టెలు పడతాయో అన్నే తెప్పించి, వారానికొకసారి పూరించుకోవడం మేలు. సరుకు దిగగానే తయారీ తేదీ చూసి, పాతది ముందు, కొత్తది వెనుక పేర్చాలి. ప్రతి దిగుమతి నుంచి ఒక సీసాను ఫ్రిజ్‌లో మచ్చుగా వుంచి, రెండు వారాల తర్వాత అమ్మకపు సరుకుతో పోల్చి చూడాలి. చల్లని గది లేని దుకాణంలో లాగర్‌తోనే సరిపెట్టుకోవడం మంచిది. లాగర్ కూడా వేడికి చెడుతుంది గాని, పోగొట్టుకునే సువాసన దానిలో తక్కువ, పెట్టుబడీ తక్కువ.